పైభాగానికి అయిదు స్టార్లు, అడుగు మూతకి ఒకటే

ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ కొన్న వారంలోనే రివ్యూ రాసేవాళ్లని నమ్మకండి. మొదటి వారంలో ఏ బ్రష్షయినా బాగానే తిరుగుతుంది. వారంటీ దాటి, ఆగిపోయి, విప్పించుకుని, సెల్ మార్పించుకుని, మళ్లీ కొన్ని నెలలుగా పనిచేస్తున్న బ్రష్ గురించి రాస్తున్న రివ్యూ ఇది. కంపెనీ పేరు రాయను. నా ఫిర్యాదు దాదాపు అందరు తయారీదారులకీ సరిపోతుంది. ఒకరి పేరే రాస్తే మిగతావాళ్లు మంచివాళ్లనుకునే ప్రమాదం ఉంది.

వస్తువు సంగతి ముందు చెబుతాను. గుండ్రటి చిన్న తల, అది అటూ ఇటూ గబగబా తిరుగుతుంది. చార్జర్ మీద నిలబెడితే చార్జ్ అవుతుంది, వైరు గుచ్చే పని లేదు. రెండు నిమిషాల టైమరుంది. ముప్పై సెకన్లకోసారి చిన్నగా తడబడి "ఇక పక్క వైపుకి మారండి" అని గుర్తుచేస్తుంది. బ్లూటూత్, ఫోన్‌లో యాప్ లాంటి హంగులున్న మోడళ్లు కూడా ఉన్నాయి. పళ్లు తోముకోవడానికి ఫోన్ ఎందుకో నాకు అర్థం కాలేదు, కాబట్టి అవేవీ లేనిదే కొన్నాను. ధర రూ. 2,400 పడింది.

నాకు దీని అవసరం భుజం వల్ల వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లకి భుజం పట్టేయడం మామూలేనట. కుడి చెయ్యి పైకి లేవదు, వెనక దంతాల దాకా బ్రష్ పోదు. ఎడమ చేత్తో తోమితే చిగుళ్లు గీసుకుపోయేవి. మా పళ్ల డాక్టరమ్మ చూసి, "చెయ్యి ఆడించలేనప్పుడు ఆడే బ్రష్ కొనుక్కోండి అంకుల్" అంది. ఇందులో ఆమెకి కమిషనేమీ లేదు, ఎక్కడ కొనాలో కూడా చెప్పలేదు. తర్వాత నేనే చదివాను: వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2014లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, మూడు నెలలు దాటి వాడినవాళ్లలో మామూలు బ్రష్‌తో పోలిస్తే పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువగా కనిపించాయి. మహాద్భుతం కాదు గానీ కొట్టిపారేసే తేడా కూడా కాదు. నా మటుకు నాకు చిగుళ్ల నుంచి రక్తం రావడం ఆగింది.

వాడే పద్ధతి మారాలి. రుద్దకూడదు, పంటి మీద ఆనించి ఊరుకోవాలి. పేస్టు పెట్టుకుని నోట్లోకి వెళ్లాకే స్విచ్ నొక్కాలి, లేకపోతే అద్దం మీద ముగ్గు పడుతుంది. మూడు నెలలకోసారి తల మార్చుకోవాలి, అది దండుగ ఖర్చే. ఇంతవరకూ నాకు ఫిర్యాదు లేదు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ మామూలు బ్రష్షే. "ఆగిపోవడానికి దీన్లో ఏముందండీ" అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మా బ్రష్ ఒక్కసారిగా ఆగలేదు. మొదట్లో ఒకసారి చార్జ్ చేస్తే పది పన్నెండు రోజులు వచ్చేది. తర్వాత వారం, తర్వాత రెండు రోజులు. చివరికి రాత్రంతా చార్జర్ మీద నిలబెట్టినా పొద్దున సగం పళ్లకే నీరసించేది. పాడైన బ్రష్ చేతిలో పట్టుకున్న ప్రతివాళ్లూ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: మెల్లగా నీరసించిందా, ఉన్నట్టుండి చచ్చిందా? మెల్లగా అయితే నూటికి తొంభై పాళ్లు సెల్ ముసలిదైంది. ఉన్నట్టుండి అయితే చార్జర్, స్విచ్, లోపలికి నీళ్లు దిగడం, ఈ మూడింట్లో ఒకటి చూసుకోవాలి. మోటారు చప్పుడు వస్తూ తల మాత్రం తిరగకపోతే ఇంకా సులువు. తల పీకేసి స్విచ్ నొక్కండి. ఇనప కడ్డీ ఆడుతుంటే తప్పు తలదే, కొత్త తల పెట్టుకుంటే సరిపోతుంది. ఈ చిన్న పరీక్ష చెయ్యక మొత్తం బ్రష్ పారేసినవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. కొన్ని మోడళ్లలో ప్రయాణపు లాక్ ఉంటుంది. బ్యాగులో దానంతటదే ఆన్ కాకుండా స్విచ్‌ని మూడు సెకన్లు నొక్కి పడితే పడే తాళం అది. పొరపాటున పడితే బ్రష్ చచ్చినట్టే కనిపిస్తుంది. చార్జర్ మీద పెట్టడమో, మళ్లీ నొక్కి పట్టడమో చేస్తే తెరుచుకుంటుంది.

చార్జర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే మన ఇళ్లలో సగం తగువు అక్కడే. విదేశీ బ్రష్‌లకి వచ్చే ప్లగ్గు యూరప్ రకం రెండు పుల్లలది, ఒక్కోటి 4 మిల్లీమీటర్ల లావు. మన గోడలోని పాత సాకెట్ 5 మిల్లీమీటర్ల పుల్లకి చేసింది. పెడితే లోపల వదులుగా ఊగుతుంది, ఒక పూట తగులుతుంది, ఒక పూట తగలదు. బ్రష్ రాత్రంతా చార్జర్ మీదే ఉందనుకుంటాం, నిజానికి కరెంటు అందిందో లేదో ఎవరికీ తెలియదు. లూజుగా ఉన్న చోట వేడెక్కుతుంది కూడా. రెండు రకాల పుల్లల్నీ పట్టుకునే యూనివర్సల్ సాకెట్ వేయించుకోండి, వాష్‌బేసిన్‌కి కాస్త దూరంగా.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పవర్ ప్లాంట్ చూసేవాణ్ణి, 2020 జనవరి ఆఖరున వీఆర్‌ఎస్‌లో బయటికొచ్చాను. అనుమానం వస్తే కొలవకుండా ఉండలేను. ఈ చార్జర్‌ని మీటరుతో కొలవడానికి వీల్లేదు, బయటికి రెండు తీగలు కనిపిస్తే కదా! లోపల ఒక తీగచుట్ట ఉంటుంది. అది చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది, బ్రష్ అడుగున ఉన్న ఇంకో చుట్ట దాన్ని అందుకుని కరెంటుగా మారుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని మధ్యకి కోసి సగం చార్జర్‌లో, సగం బ్రష్‌లో పెట్టారన్నమాట. నీళ్లున్న చోట లోహం బయటికి కనిపించకూడదని చేసిన ఏర్పాటు, తెలివైనది. అయితే మూడో చుట్ట మనమూ చుట్టుకోవచ్చు. మోటారు వైండింగ్‌కి వాడే సన్నటి ఎనామిల్ రాగితీగ, ఒక ముప్పై నలభై చుట్లు, చార్జర్ పైన పొడుచుకొచ్చిన బుడిపె చుట్టూ పట్టేంత రింగు చెయ్యండి. కొసల మీద ఎనామిల్ గీకేసి ఒక ఎర్ర ఎల్‌ఈడీకి చుట్టండి. చార్జర్ ఆన్ చేసి బుడిపె మీదికి దింపితే ఎల్‌ఈడీ వెలగాలి. నాది వెలిగింది. చార్జర్ నిర్దోషి అని తేలింది. దీనికి ఏదీ విప్పక్కర్లేదు, షాక్ కొట్టే అవకాశమూ లేదు. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల చేతే చుట్టించండి.

అమెరికా నుంచి పిల్లలు పంపే బ్రష్‌ల మాట వేరు. బోయిన్‌పల్లిలో మా బావమరిదికి వాళ్లబ్బాయి డాలస్ నుంచి తెచ్చాడు, నా దానికంటే ఖరీదైనది. ప్లగ్గు మన సాకెట్‌లో దూరదని వీధి చివర షాపులో కన్వర్టర్ పిన్ను కొనుక్కొచ్చి పెట్టాడు. టప్‌మంది, అంతే. ఆ పిన్ను పుల్లల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజి మార్చదు. అక్కడ ఇంటికి వచ్చేది 120 వోల్టులు, ఇక్కడ 230. చార్జర్ అడుగున బూతద్దం పెట్టి చదివితే 110-130 అని రాసే ఉంది. 100-240 అని రాసి ఉన్నవి ఎక్కడైనా వాడుకోవచ్చు, లేనివాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మా బావమరిది బ్రష్ పోయిందని బెంగపడ్డాడు గానీ పోయింది చార్జరొక్కటే. అదే రకానికి 220-240 చార్జర్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే బ్రష్ లేచి కూర్చుంది. ఎన్నారై పిల్లలకి ఒక మాట: బ్రష్ అక్కడ కొన్నా చార్జర్ ఇక్కడిది కొనివ్వండి.

సరే, నా దాని దగ్గరికి వస్తాను. చార్జర్ బాగుంది, తల బాగుంది, అనుమానం సెల్ మీద. పద్ధతి ప్రకారం ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. మర్యాదగా మాట్లాడిన అమ్మాయి, సీరియల్ నంబర్ అడిగి, "సర్, అవుట్ ఆఫ్ వారంటీ సర్, దీనికి రిపేర్ సపోర్ట్ లేదు సర్" అంది.

"రిపేర్ ఏమీ అక్కర్లేదమ్మా, లోపల సెల్ మారిస్తే చాలు. డబ్బులిస్తాను."

"సర్, అది నాన్ రిప్లేసబుల్ సర్. కొత్త హ్యాండిల్ మీద మీకు డిస్కౌంట్ కూపన్ పంపిస్తున్నాను సర్."

కూపన్ వచ్చింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఆమె ముందు ఉన్న స్క్రీన్‌లో ఇంకో జవాబు లేదు. కోపమల్లా ఎందుకంటే, బ్రష్‌తో వచ్చిన పుస్తకంలో చివరి పేజీలో అది విప్పే విధానం బొమ్మలతో సహా ఉంది! బ్రష్ పూర్తిగా పనికిరాకుండా పోయాక సెల్ తీసి విడిగా పారేయడానికట. కిందే హెచ్చరిక: విప్పితే పరికరం పాడవుతుంది, వారంటీ పోతుంది. అంటే దారి ఉంది, చావుకి మాత్రమే వాడుకోవాలి. ఎక్స్ఛేంజిలో మా బ్యాటరీ గదిలో 2 వోల్టుల సెల్లు 24 వరసగా కలిపి 48 వోల్టులు తెచ్చేవాళ్లం. సెల్లు ముసలివైతే కొత్త సెట్టు వేసేవాళ్లం. బ్యాటరీ చచ్చిందని ఎక్స్ఛేంజి పారేసిన డివిజనల్ ఇంజినీరుని నేను చూడలేదు.

వారంటీ ఎలాగూ పోయింది కాబట్టి విప్పాను. వారంటీలో ఉన్నవాళ్లు మాత్రం ఈ పని చెయ్యకండి, బిల్లు పట్టుకుని మార్పించుకోండి. నా మోడల్ అడుగు మూత పావు చుట్టు తిప్పితే వచ్చేదే. కానీ కొన్నేళ్ల పేస్టు మడ్డి అంచులో గట్టిపడి సిమెంటు అయింది. పాత బ్రష్‌తో, గోరువెచ్చటి నీళ్లతో అంచు శుభ్రం చేసి, ఆరబెట్టి, అప్పుడు తిప్పాలి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలిస్తే మూత అంచు విరుగుతుంది, తర్వాత నీళ్లు ఆగవు. మూత వచ్చాక, పైన కడ్డీని బల్ల మీద ఆనించి గట్టిగా కిందికి నొక్కితే లోపలి అస్థిపంజరం మొత్తం మునక్కాయలోంచి గుజ్జు వచ్చినట్టు అడుగు నుంచి జారి బయటికొస్తుంది.

లోపల చూస్తే ముచ్చటేసింది, నిజం చెప్పాలి. వేలెడంత చోటులో మోటారు, దాని గుండ్రటి తిరుగుడుని అటూఇటూ ఊపుగా మార్చే చిన్న లంకె, ఆకుపచ్చ బోర్డు, దాని వీపుకి ఆనుకుని ఒకే ఒక్క సెల్, అడుగున రాగి చుట్ట. ఆ సెల్ ఏమిటో తెలుసా? గోడ గడియారంలో వేసుకునే ఏఏ సైజే. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, 1.2 వోల్టులు, రెండు కొసలకీ చిన్న రేకు నాలుకలు అతికించి బోర్డుకి టంకం వేశారు. రెండు వేల నాలుగొందల బ్రష్‌ని చెత్తబుట్టకి పంపబోయినది ఇదీ!

మీటరు పెడితే 1.28 వోల్టులు చూపించింది. చాలామంది ఇక్కడే మోసపోతారు, సెల్ బాగానే ఉందనుకుంటారు. బరువు మోయించకుండా సెల్‌ని కొలిస్తే అది ఎప్పుడూ తన గొప్పే చెప్పుకుంటుంది. మీటరు పుల్లలు అలాగే పట్టుకుని స్విచ్ నొక్కాను. 0.7కి పడిపోయింది. ఆరోగ్యంగా ఉన్న ఈ రకం సెల్ మోటారు తిప్పుతూ కూడా 1.2 దగ్గరే నిలబడాలి. లోపలి నిరోధం పెరిగిపోయింది, దానికి ఇక మందు లేదు. పుస్తకంలో ఆరు నెలలకోసారి చార్జర్ తీసేసి పూర్తిగా అయిపోయేదాకా వాడమని రాసి ఉంది. అది పాటిస్తే సెల్ ఇంకొంత కాలం బతుకుతుందేమో గానీ చిరంజీవి మాత్రం కాదు.

ఇక ఈ రివ్యూలో రెండో భాగం, షాపు. కోఠీలో గుజరాతీ గల్లీ తెలియని హైదరాబాదీ మెకానిక్ ఉండడు. మల్కాజ్‌గిరి నుంచి వెళ్లేవాళ్లు పరేడ్ గ్రౌండ్ దగ్గర మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్‌లో దిగొచ్చు. బండి పార్కింగ్ గొడవ లేదు. గల్లీలోకి అడుగుపెడితే ఐసీలు, కెపాసిటర్లు, కిలోల లెక్కన వైర్లు, రిమోట్లు, ఎల్‌ఈడీ స్ట్రిప్పులు. ట్రిమ్మర్లకీ కార్డ్‌లెస్ ఫోన్లకీ సెల్లు అతికించే షాపులు లోపలికి వెళ్లాక తగులుతాయి. నేను వెళ్లింది మెట్ల కింద ఇరుకు చోటులో ఉన్న షాపు, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. పాతికేళ్ల కుర్రాడు కూర్చున్నాడు.

బ్రష్ అస్థిపంజరం చూసి నవ్వాడు. "సార్, గిది పారేసుడే గదా, మళ్ల సెల్ ఎందుకు?"

"నువ్వూ అదే మాట అంటే నేను ఇంత దూరం ఎందుకొచ్చాను అబ్బాయ్?"

కొంచెం సిగ్గుపడి, తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు లిథియం వేస్తానన్నాడు. "పవర్ మస్తుంటది సార్, చార్జింగ్ గూడ జల్ది ఎక్కుతది." వద్దన్నాను. మీరూ ఒప్పుకోకండి. లిథియం సెల్ 3.7 వోల్టులు, ఈ బోర్డు 1.2కి చేసింది. పైగా రెండింటి చార్జింగ్ పద్ధతి వేరు, లిథియంని తప్పుగా చార్జ్ చేస్తే ఉబ్బి అంటుకుంటుంది. నోట్లో పెట్టుకునే వస్తువు అది. పాత సెల్ ఏ రకమో కొత్తదీ అదే రకం. మీ బ్రష్‌లో మొదట్నుంచీ లిథియమే ఉంటే ఇంట్లో టంకం వెయ్యడం లాంటి ప్రయోగాలు వద్దు, తెలిసిన మనిషికి ఇవ్వండి.

తర్వాత 4000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో ఉన్న సెల్ తీశాడు. సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత అది. ఏఏ సైజులో నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 2500, మహా అయితే ఇంకొంచెం పైన. అంతకు మించి రాసి ఉంటే ఆ అంకె రంగు డబ్బాదే. చేతిలో పట్టుకుంటేనే తేలిగ్గా ఉంది. అసలైనది 25 నుంచి 30 గ్రాముల దాకా తూగుతుంది. "ఇది కాదు, చార్జ్ నిలబెట్టుకునే రకం 2000ది ఇవ్వు, తల బుడిపె లేనిది" అన్నాను. బుడిపె ఉంటే ఆ మిల్లీమీటరు తేడాకే గూట్లో పట్టదు. అప్పుడతను నన్ను ఇంకోసారి ఎగాదిగా చూసి, వెనక అరలోంచి మంచి సెల్ తీశాడు. ముందే ఎందుకు తియ్యలేదని అడగలేదు, వ్యాపారం. షాపుకి ఒక స్టార్ అక్కడ తగ్గించాను.

పనితనంలో మాత్రం వంక లేదు. సెల్ కొసల మీద నికెల్ రేకు పెట్టి స్పాట్ వెల్డింగ్ చేశాడు. చిటుక్కుమని మెరుపు, రేకు మీద రెండు చుక్కలు, అయిపోయింది. ఇది ముఖ్యం. సెల్ మీద నేరుగా టంకం కడ్డీ ఆనిస్తే ఆ వేడికి లోపలి సీలు దెబ్బతిని, కొత్త సెల్ మొదటి రోజే సగం ముసలిదవుతుంది. రేకు లాగి చూపించాడు, ఊడలేదు. సెల్‌కి రూ. 180, వెల్డింగ్‌కి రూ. 40. బోర్డుకి టంకం కూడా తనే వేస్తానన్నాడు గానీ ఆ సరదా నాకే ఉంచుకున్నాను. బిల్లు ఇవ్వడు, గ్యారంటీ అడిగితే "నేనే గ్యారంటీ సార్" అంటాడు. కొందరికి అది నచ్చదు. నేను అడుగుతున్నది రూ. 220 పని కాబట్టి సర్దుకున్నాను. పాత సెల్ కూడా అతనే తీసుకున్నాడు, తుక్కు బ్యాటరీలు విడిగా ఒక డబ్బాలో వేస్తున్నాడు, బాగుంది. మీ ఊళ్లో అలాంటి మనిషి లేకపోతే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి, తడిచెత్తలో మాత్రం కలపొద్దు.

ఇంటికొచ్చి 25 వాట్ల కడ్డీతో అతికించడం పెద్ద పనేమీ కాదు. విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ప్లస్ ఎటో మైనస్ ఎటో తడుముకోవాల్సిన పని ఉండదు. నా దాంట్లో సెల్ తియ్యాలంటే ముందు రాగిచుట్ట కాళ్లు రెండూ బోర్డు నుంచి ఊడదియ్యాలి. ఆ తీగ సన్నం, లాగితే తెగుతుంది, టంకం కరిగాక దానంతటదే రావాలి. అతికించాక మూత పెట్టకముందే చార్జర్ మీద నిలబెట్టి లైటు వెలిగిందో లేదో, స్విచ్ నొక్కితే మోటారు తిరిగిందో లేదో చూసుకున్నాను. తర్వాత 16 గంటలు పూర్తిగా చార్జింగ్. గాలిలోంచి అందుకునే కరెంటు చాలా కొంచెం, తొందరపడితే లాభం లేదు.

అసలు కష్టమంతా మూసేటప్పుడే. బ్రష్ ఎన్నాళ్లు బతుకుతుందనేది ఇక్కడే తేలుతుంది. అడుగు మూతకి నల్లటి రబ్బరు రింగు ఉంటుంది, అది శుభ్రంగా ఉండాలి, పగుళ్లుండకూడదు. దానికి సిలికాన్ గ్రీజు పల్చగా పూయాలి. వాటర్ ఫిల్టర్ బాగుచేసేవాళ్ల దగ్గర చిన్న ట్యూబు దొరుకుతుంది. చాలామంది వాజలిన్ పూస్తారు, వద్దు, అది కొన్ని రకాల రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. పైన కడ్డీ బయటికొచ్చే చోట ఇంకో రబ్బరు సీలుంటుంది. నీళ్లూ పేస్టూ ఎక్కువగా దిగేది అక్కణ్ణుంచే. నా దాంట్లో అక్కడ తెల్లటి పొడి పేరుకుని ఉంది గానీ బోర్డు దాకా దిగలేదు. దిగి ఉంటే పచ్చటి చిలుము పడుతుంది, అప్పుడు స్పిరిట్‌తో తుడిచి చూడాలి, బాగుపడుతుందని హామీ లేదు. విప్పి మూసిన బ్రష్‌ని కొత్తదాని మాదిరి కుళాయి కింద నిలువునా పట్టకండి. తల తీసి విడిగా కడిగి, హ్యాండిల్‌ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. రాత్రిళ్లు తల ఊడదీసి పెట్టే అలవాటు చేసుకుంటే కడ్డీ చుట్టూ మడ్డి కూడా చేరదు.

ఇప్పుడు మళ్లీ పది రోజులు దాటి వస్తోంది. తిరిగే వేగం కొత్తప్పటిలాగే ఉంది.

మా అబ్బాయిది ఇంకో జాతి, సోనిక్ అంటారు. దాంట్లో తిరిగే మోటారుండదు, అయస్కాంతంతో కడ్డీని వణికిస్తుంది. అది పెద్దగా గోల చేస్తూ పంటి మీద మాత్రం బలం లేకుండా అయింది. ఇలాంటప్పుడు తరచుగా కారణం కడ్డీని పట్టి ఉంచే స్క్రూలు వదులు కావడం. విప్పి బిగించాం, కుదురుకుంది. ఆ హ్యాండిల్ విప్పడం నా దానికంటే నాలుగింతలు మొండి. అందుకని దాని గురించి ధైర్యం చెప్పను.

సెల్ మార్చుకునే హక్కు గురించి లోకంలో కదలిక లేకపోలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు, ఈ నాలుగు రంగాల మీద దృష్టి. కంపెనీలు స్పేర్ల వివరాలూ సర్వీసు సమాచారమూ అందులో పెట్టాలని ఉద్దేశం. యూరప్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి 2023లో బ్యాటరీల చట్టం చేశారు: 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని కొన్నవాళ్లే తీసి మార్చుకునేలా తయారు చెయ్యాలి. చదివి సంతోషించాను. కింద మినహాయింపు చూశాక సగం చల్లారింది. నీళ్లలో తడుస్తూ పనిచేసే, కడుక్కునే పరికరాలకి ఆ నిబంధన సడలించారు, వాటిని నిపుణులు మార్చగలిగితే చాలట. పళ్ల బ్రష్ సరిగ్గా ఆ సందులోంచి జారుకుంటుంది. నీళ్లు దిగకుండా, కొన్నవాడు విప్పేలా మూత చెయ్యడం అంత కష్టమా? చేతి గడియారాల వాళ్లు ఎప్పుడో చేశారు. ఒక స్క్రూ మూత, ఒక రబ్బరు రింగు. ఇక్కడ లేనిది టెక్నాలజీ కాదు, కొత్త హ్యాండిల్ అమ్ముడుపోవాలి కదా.

కొత్తగా కొనేవాళ్లకి నా సలహా: చేతులు బాగా ఆడేవాళ్లకి ఇది తప్పనిసరేమీ కాదు. భుజం, కీళ్లు, వణుకు, పక్షవాతం లాంటివున్నవాళ్లకి మాత్రం నిజంగా ఉపకారం. నిమ్మళంగా ఖర్చు పెట్టుకోండి. మామూలు సెల్లు మార్చుకునే చవక రకాలున్నాయి. వాటి సత్తువ తక్కువ గానీ సెల్ అయిపోతే కిరాణా కొట్టుకి వెళ్తే సరిపోతుంది. ఊళ్లు తిరిగేవాళ్లకి అదే మేలు. రీచార్జబుల్ కొంటే ముందు తలల ధర చూడండి, తర్వాత చార్జర్ మీది వోల్టేజి చూడండి, వారంటీ రెండేళ్లున్నది తీసుకుని బిల్లు ఫొటో తీసి దాచండి. తోమడంలో అయిదుకి అయిదు. అడుగు మూతకి ఒకటి, ఆ ఒకటీ చివరికి తెరుచుకుంది కాబట్టి. కస్టమర్ కేర్‌కి మర్యాద కింద రెండు. గుజరాతీ గల్లీ కుర్రాడికి నాలుగు.

అక్కడికి వెళ్లేవాళ్లు పొద్దున్నే పరుగెత్తకండి, పదకొండు దాటాకే వెళ్లండి. ఆదివారం వద్దు. పాత సెల్ జేబులో వేసుకెళ్లండి, దాని పొడవూ లావూ స్కేలుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఎందుకంటే కొన్ని బ్రష్‌లలో 50 మిల్లీమీటర్ల ఏఏ కాకుండా 42 మిల్లీమీటర్ల పొడవు, 17 మిల్లీమీటర్ల లావున్న పొట్టి సెల్ ఉంటుంది. అది అడిగితే మొదటి షాపులో లేదనే అంటారు. గల్లీ లోపలికి ఇంకొంచెం నడవండి.